స్నేహితుల నాసిక్ ప్రయాణంలో తాగనివాడే డ్రైవరు కావాలా?

ప్రశ్న: నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను, మాది వరంగల్. ఫిబ్రవరి రెండో వారాంతంలో అయిదుగురం మిత్రులం, ముగ్గురు అబ్బాయిలూ ఇద్దరు అమ్మాయిలూ, నాసిక్ ప్రాంతంలోని ద్రాక్షతోటలూ వైనరీలూ చూడటానికి నా కారులో వెళ్లాలనుకుంటున్నాము. నాకు మద్యం అలవాటు లేదు. అందువల్ల రెండు రోజులూ నేనే కారు నడపాలని, నన్ను ఒక్కమాట అడగకుండానే, అందరూ నిశ్చయించేశారు. రాజమహేంద్రవరానికి చెందిన మా మిత్రుడొకడు "టేస్టింగులో పోసేది రెండేసి గుక్కలే, అది తాగినట్టు లెక్క కాదు, నీకు విసుగొస్తే నేను నడుపుతాను" అంటున్నాడు. శనివారం ఒక్కరోజే అయిదు వైనరీలు చుట్టి, ఆదివారం త్ర్యంబకేశ్వరం, వీలైతే షిర్డీ కూడా చూసుకుని రావాలని వారి ఆలోచన. ఇంట్లో మాత్రం త్ర్యంబకేశ్వర యాత్ర అనే చెప్పాను. వరంగల్‌లో ఉన్న మా బావగారికి రెండు వైను సీసాలు కూడా తీసుకువెళ్లాలని ఉంది. తాగనివాడికి అసలు ఆ తోటల్లో చూడటానికేముంటుంది? వెళ్లాలా, ఏదో వంక చెప్పి మానుకోవాలా?

సమాధానం: తప్పకుండా వెళ్లండి. అయితే వైనరీలు చూసే శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రి బసకు చేరేవరకు మీ కారును హోటలు ఆవరణలోనే ఉంచి, నాసిక్‌లో స్థానికంగా ఒక టాక్సీని పూట మొత్తానికి మాట్లాడుకోండి. అయిదుగురికీ సామానుతో పని లేదు కనుక ఒక పెద్ద బండి సరిపోతుంది, ఖర్చు అయిదు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి ఓ మధ్యరకం వైను సీసా ధర కూడా పడదు. మీ ఉత్తరంలోని ఇబ్బందిలో చాలా భాగం ఈ ఒక్క ఏర్పాటుతోనే తీరిపోతుంది. తాగని మిత్రుడు ఉండటం ఆ బృందానికి ఒక సౌకర్యమే కావచ్చు గానీ, ఆ సౌకర్యాన్ని అడిగి పొందాలి. అడగకుండా తీసుకున్నప్పుడు అది పైకి ఎంత చిన్న విషయంగా కనబడినా రెండో రోజు మధ్యాహ్నానికి మాటల్లో బయటపడుతుంది.

ఇక "రెండేసి గుక్కలే" అన్న మాట సంగతి. ఇది లెక్కతో తేలే విషయం కాబట్టి వాదన పెట్టుకోవడం కంటే లెక్క చూపించడం మంచిది. ఒక వైనరీలో టేస్టింగు అంటే సాధారణంగా అయిదారు రకాలు రుచి చూపిస్తారు. ఒక్కో రకం 30 మిల్లీలీటర్లు పోశారనుకుంటే ఆరు రకాలకు 180 మిల్లీలీటర్లు అవుతుంది. వైనులో ఆల్కహాలు 13 శాతం ఉంటే అందులో సుమారు 18 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉన్నట్టు. 65 కిలోల బరువున్న మగవాడు దాన్ని ఖాళీ కడుపుతో వెంటవెంటనే మింగితే రక్తంలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 40 మిల్లీగ్రాముల దాకా చేరవచ్చు, అంతకంటే బరువు తక్కువున్న ఆడవారిలో 50 కూడా దాటవచ్చు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములు మాత్రమే. అమెరికాలో ఉండి వచ్చినవారు అక్కడి హద్దు అయిన 80ని మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు, ఆ ధీమా ఇక్కడ పనికిరాదు. భోజనం చేసి, నెమ్మదిగా తాగితే అంకె కొంత తగ్గుతుంది నిజమే; కానీ మీవాళ్లు అనుకుంటున్నది ఒక వైనరీ కాదు, అయిదు.

మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉంటాయి. ఇంతకంటే మీకు సూటిగా తగిలే సంగతి మరొకటుంది. అదే చట్టంలోని 188వ సెక్షను, తాగి నడపడానికి తోడ్పడినవారిని కూడా శిక్షార్హులుగానే చూస్తుంది. కారు మీది, తాగి ఉన్నాడని తెలిసీ తాళాలు చేతికిస్తే ఆ ప్రశ్న మీ దాకా వస్తుంది. తాగి నడిపిన బండికి జరిగిన నష్టానికి బీమా సంస్థ డబ్బు ఇవ్వదు. ఆ మిత్రుడు మంచివాడే అయి ఉంటాడు, మీకు విశ్రాంతి ఇవ్వాలనే అన్నాడు. అయినా శనివారం సాయంత్రం మీ తాళాలు మీ జేబులోనే ఉండాలి.

ఈ విషయాన్ని ఎలా చెప్పాలన్నది మీ అసలు జంకు అని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. బయలుదేరే రోజు కారెక్కిన తరువాత చెప్పకండి, ఇప్పుడే వాట్సాప్‌లో రాయండి: "పుణె నుంచి నాసిక్‌కు నేను నడుపుతాను. వైనరీలకు టాక్సీ చూశాను, తలా ఇంత పడుతుంది. ఆదివారం పొద్దున్న త్ర్యంబకం దాకా మళ్లీ నేనే. తిరుగు ప్రయాణం మీలో ఇద్దరు పంచుకోవాలి." ఇంతే చాలు, మీ మనసుకు కష్టమేసిందన్న సంజాయిషీ అక్కర్లేదు. ఆదివారం ఉదయం మీరే నడపమనడానికి కారణం ఉంది. రక్తంలో చేరిన ఆల్కహాలును శరీరం గంటకు ఇంచుమించు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించుకోగలదు, కాఫీ తాగినా చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. అర్ధరాత్రి దాకా గ్లాసు పట్టుకున్నవాడు తెల్లవారుజామున అయిదింటికి తాను తేరుకున్నాననుకున్నా పోలీసులు ఊదించి చూసే పరికరం అలా అనుకోకపోవచ్చు. మధ్యాహ్నానికి వారు సాధారణంగా మామూలవుతారు, అప్పుడు స్టీరింగు అప్పగించి మీరు వెనక సీట్లో నిద్రపోండి.

ఒక్క పూటలో అయిదు వైనరీలు అన్న ఆలోచనను మాత్రం గట్టిగా వ్యతిరేకించండి. మూడో చోటికి వచ్చేసరికి నాలుకకు తేడా తెలియదు, కళ్లకు అన్ని స్టీలు ట్యాంకులూ ఒకేలా కనబడతాయి. పైగా నాసిక్ వైనరీలన్నీ ఒక్కచోట లేవు. గంగాపూర్ జలాశయం ఒడ్డున సులా, దాని దగ్గరలోనే యార్క్, సోమా ఉన్నాయి. వాలోన్, గ్రోవర్ జంపా ఇగత్‌పురి వైపు, అంటే ముంబయి దారిలో ఉన్నాయి. దిండోరి తోటలు ఉత్తరాన మరో దిక్కు. ఒక్క దిక్కునే ఎంచుకోండి. మొదటిసారి వెళ్లేవారికి గంగాపూర్ వైపు చాలు: మూడు గంటల ప్రాంతంలో సులాలో తోట, వైనరీ చూపించే పర్యటన, సూర్యాస్తమయానికి పక్కనున్న యార్క్ వరండా. సులాలో వారాంతాల్లో విపరీతమైన రద్దీ ఉంటుంది, పర్యటనకు ముందుగానే ఆన్‌లైన్‌లో సమయం తీసుకోండి, అందరూ వయసు తెలిపే గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. ఎక్కువ మాటలు లేని, నిదానమైన చోటు కావాలనుకుంటే ముకణే జలాశయం పక్కనున్న వాలోన్ నాకు ఎక్కువ ఇష్టం, కానీ అది ఆ వైపే బస చేసేవారికి సరిపడే ఏర్పాటు.

తాగనివాడికి అక్కడ ఏముంటుందని అడిగారు. మీరు ఎంచుకున్న నెలలో అయితే తాగేవారికంటే మీకే ఎక్కువ ఉంటుందని నా అభిప్రాయం. ఐరోపాలో ద్రాక్షతీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. నాసిక్‌లో అంత చలి లేదు కనుక తీగకు ఆ నిద్ర లేదు; రైతే కత్తెరతో దాని సంవత్సరాన్ని నిర్ణయించాలి. కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కత్తిరిస్తే కొమ్మలు బలపడతాయి; వర్షాలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండోసారి కత్తిరిస్తే పూతా కాయా వస్తాయి. అందువల్లనే కోత జనవరి నుంచి మార్చి మధ్యలో పడుతుంది. వానాకాలంలో వెళ్లి ఫొటోలు దిగేవారికి పచ్చటి ఆకులు దొరుకుతాయి గానీ గుత్తులు దొరకవు. ఫిబ్రవరిలో వెళ్లే మీకు రెండూ కనబడతాయి. తెల్లవారకముందే చల్లని వేళలో కోసిన గుత్తులు క్రేట్లలో వైనరీకి చేరడం, కాడలు వేరుచేసే యంత్రంలోకి వాటిని ఒంపడం, ఆ చుట్టుపక్కలంతా పులిసిన తీపి వాసన, ఇవన్నీ ఆ కొద్ది వారాల్లోనే ఉంటాయి. పెద్ద తొట్టెలో ద్రాక్ష పోసి కాళ్లతో తొక్కించే సరదా కూడా ఆ రోజుల్లోనే పెడతారు; సందర్శకుల వినోదానికే అది, అమ్మే వైనుకు వెళ్లే పండును పిండేవి యంత్రాలే.

దారిలో కనబడే ద్రాక్షతోటలన్నీ వైనువే అనుకోకండి. నాసిక్ జిల్లాలో అత్యధిక విస్తీర్ణం మనం తినే ద్రాక్షది, ముఖ్యంగా థాంసన్ సీడ్‌లెస్‌ది, అందులో ఎంతో భాగం ఎగుమతి అవుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటల్లో పందిళ్ల కింద నడిచిన పెద్దలు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, వైను తోటను చూసి ఇదేమిటి, పందిరి లేదేమని అడుగుతారు. వైను తోటలో ద్రాక్షతీగలను ఇనుప తీగెల మీద, బారులు తీర్చిన కంచెలా, నిలువుగా పెంచుతారు. దిగుబడిని ఉద్దేశపూర్వకంగానే తక్కువగా ఉంచి, పండు చిక్కబడేలా చూస్తారు. అక్కడివారి అనుమతితో, పురుగుమందు కొట్టని వరుసలో, షిరాజ్ అనే నల్ల ద్రాక్ష పండు ఒకటి కోయించుకుని చూడండి. బఠానీ గింజ కంటే కాస్త పెద్దది, తోలు మందం, లోపల గింజలు, కానీ నోట్లో వేసుకుంటే మార్కెట్టులో కొనే ద్రాక్ష కంటే తియ్యగా ఉంటుంది. తినే ద్రాక్షలో చక్కెర 18 శాతం దగ్గర ఉంటే వైను కోసం కోసే పండులో 22 నుంచి 24 దాకా రానిస్తారు. ఇంకొక పండును వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. తోలు నల్లగా ఉన్నా కారే రసానికి దాదాపు రంగే ఉండదు. ఎర్ర వైను ఎరుపంతా తోలుదే. అందుకే తెల్ల వైనుకు రసం పిండి వెంటనే తోలు తీసేస్తారు, ఎర్రదానికి తోలుతో సహా పులియబెడతారు. ఈ ఒక్క సంగతి కంటితో చూశాక లోపల ట్యాంకుల దగ్గర గైడు చెప్పేదంతా మీకు సులభంగా తలకెక్కుతుంది.

టేస్టింగు బల్ల దగ్గర కూడా మీరు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. వాసన చూడటానికి తాగనక్కర్లేదు. సావిన్యో బ్లాంక్ అనే తెల్ల వైను గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే కోసిన క్యాప్సికం వాసన తగులుతుంది, రెంటిలోనూ ఉన్నది ఒకే జాతి రసాయనం. షిరాజ్‌లో మిరియాల ఘాటు తెలిస్తే అది ఊహ కాదు, మిరియానికి ఆ వాసననిచ్చే రోటండోన్ అన్న పదార్థమే ఆ ద్రాక్ష తోలులోనూ ఉంటుంది. వంటింట్లో పోపు వాసనల మధ్య పెరిగిన ముక్కుకు ఇది కష్టమైన పని కాదు. మీ మిత్రులకంటే మీరే ముందు గుర్తుపట్టినా ఆశ్చర్యం లేదు. "ఒక్క గుక్కకు ఏమవుతుందిరా" అని ఎవరైనా అంటే "నాకు వద్దు" అన్న రెండు మాటలు చాలు, కారణాలు చెప్పడం మొదలుపెడితే వాటికి సమాధానాలు పుట్టుకొస్తాయి. అలాగే మీరూ వారి గ్లాసులు లెక్కపెట్టకండి. మధ్యాహ్న భోజనం కడుపునిండా చేసి వెళ్లమని, గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నీళ్లు తాగమని, నచ్చనిది బల్ల మీద ఉంచిన పాత్రలో ఒంపేయడం అక్కడ తప్పు కాదని మాత్రం ముందే చెప్పి ఊరుకోండి.

దారి గురించి. పుణె నుంచి నాసిక్ సుమారు 210 కిలోమీటర్లు, శనివారం తెల్లవారి అయిదింటికే బయలుదేరితే చాకణ్ కార్ఖానాల రద్దీ మొదలవకముందే దాటేస్తారు. ఆలస్యమైతే ఆ ఒక్క చోటే గంట పోతుంది. నారాయణగావ్ పక్కనుంచి వెళ్తారు. 1980లలో షాతో ఇండాజ్ సంస్థ ఫ్రెంచి నిపుణుల సాయంతో నురుగు వైను తయారుచేసి విదేశాలకు పంపింది ఆ ఊరినుంచే. ఆ సంస్థ తరువాత మూతపడింది గానీ, వైను కథ నాసిక్‌కు చేరకముందు మహారాష్ట్రలో మొదలైన చోటు అది. నాసిక్ వంతు వచ్చింది 1997లో, కాలిఫోర్నియాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ గంగాపూర్ దగ్గర కుటుంబ భూమిలో వైను ద్రాక్ష నాటినప్పుడు; తల్లి సులభ పేరు మీద పెట్టిన సులా తొలి వైను 2000లో బయటికొచ్చింది. సంగమ్‌నేర్, సిన్నర్ మీదుగా వెళ్లేటప్పుడు చెరకు ట్రాక్టర్లను చూసుకుని నడపండి. ఫిబ్రవరి అంటే చక్కెర మిల్లులు ఆడే కాలం, రెండేసి ట్రాలీలు తగిలించుకుని వెనక దీపాలు లేకుండా మెల్లగా పాకుతుంటాయి, చీకట్లో అవి కనబడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ఉండకపోవడమే మేలు. నాసిక్‌లో దిగగానే మిసళ్ పావ్ తినండి. పైన తేలే ఎర్రటి కారపు నూనెను అక్కడ తర్రీ అంటారు, అది వేరే గిన్నెలో అడిగి ఎంత కావాలో అంత పోసుకోవచ్చు. వరంగల్ నాలుకకు అదేమీ పరీక్ష కాదు.

ఇంట్లో చెప్పిన మాట గురించి మీరు ఎక్కువ మథనపడుతున్నట్టున్నారు. త్ర్యంబకేశ్వరం నిజంగానే వెళ్తున్నారు కనుక అబద్ధమేమీ ఆడలేదు, సగం చెప్పారంతే; ద్రాక్షతోటలు కూడా చూస్తున్నామని ఫోనులో ఒక మాట కలిపితే ఆ మిగతా సగం కూడా తీరిపోతుంది. నాసిక్ నుంచి త్ర్యంబకం 30 కిలోమీటర్లు. ఆదివారం ఉదయం ఆరింటికల్లా క్యూలో ఉంటే ఎండెక్కకముందే దర్శనమవుతుంది. మహాశివరాత్రి మీ వారాంతానికి గానీ తగులుతోందేమో పంచాంగం చూసుకోండి, తగిలితే ఆ ఊరి దరిదాపులకు కారు పోదు. రాత్రి తాగి పొద్దున్నే గుడికా అని మీలో ఎవరికైనా పట్టింపు ఉంటే శుక్రవారం రాత్రే నాసిక్ చేరి శనివారం ఉదయం దర్శనం, సాయంత్రం తోటలు పెట్టుకోండి. దారిలో కనబడే అంజనేరి కొండను హనుమంతుడి జన్మస్థలమని అక్కడివారు నమ్ముతారు. 2021లో తిరుమల దేవస్థానం అంజనాద్రే ఆ స్థలమని ప్రకటించింది కనుక, అక్కడ ఈ చర్చ లేవదీయకుండా దండం పెట్టుకుని రావడం ఉత్తమం.

మీ రాజమహేంద్రవరం మిత్రుడికి చూపించాల్సిన చోటు మరొకటుంది. త్ర్యంబకంలో బ్రహ్మగిరి మీద పుట్టేది గోదావరే. శనివారం సాయంత్రం వైనరీ వరండాలో కూర్చుని మీరు చూసే గంగాపూర్ జలాశయంలో ఉన్నదీ ఆ నీరే. అవతలి ఒడ్డు కనబడీ కనబడనట్టుండే నదిని చూస్తూ పెరిగినవాడికి, దాని పుట్టుకకు కాసింత దూరంలో, ద్రాక్షతోటల మధ్య ఆపిన నీటిగా దాన్ని చూడటం వింతగానే ఉంటుంది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు మనకు గోదావరి పుష్కరాలు, నాసిక్‌వారికి సింహస్థ కుంభమేళా. 2015లో రెండూ జరిగాయి, మళ్లీ 2027లో రాబోతున్నాయి. ఆ సంవత్సరంలో అయితే ఈ ప్రయాణాన్ని వాయిదా వేయమని చెప్పేవాణ్ని.

షిర్డీ వద్దు. అది నాసిక్ నుంచి సుమారు 90 కిలోమీటర్ల దూరం, ఆదివారం దర్శనానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ తరువాత అలసిన డ్రైవరుతో చీకట్లో చెరకు బండ్ల మధ్య పుణె చేరాలి. మనవాళ్లకు ఆ వైపు వెళ్తే షిర్డీ కలుపుకోకుండా రావడం మనసొప్పదని తెలుసు. దానికి మరో వారాంతం ఉంచండి. ఆదివారం పదకొండింటికల్లా నాసిక్ వదిలితే సాయంత్రం వెలుతురులోనే ఇల్లు చేరతారు.

మీ బావగారికి సీసాల విషయం మాత్రం మానుకోండి. మహారాష్ట్రలో కొన్నది పుణె దాకా తీసుకెళ్లి అక్కడ మిత్రులతో పంచుకోవచ్చు. తెలంగాణలో మాత్రం, ఆ రాష్ట్రానికి సుంకం కట్టని మద్యం, బయటి రాష్ట్రంలో రసీదుతో కొన్నదైనా సరే, అనుమతి లేకుండా దగ్గరుంటే ఎక్సైజువారు కేసు పెట్టగలరు, రైళ్లలోనూ సరిహద్దు చెక్‌పోస్టుల్లోనూ తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. నాసిక్ వైను పెద్ద రకాలు హైదరాబాదు దుకాణాల్లోనే దొరుకుతాయి కనుక ఆయనకు అక్కడే కొనివ్వండి. మిత్రులు కొనుక్కున్న సీసాలను డిక్కీలో వదిలేయవద్దని కూడా చెప్పండి. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ వేడికి వైను ఉడికి రుచి పోతుంది. తిరుగు ప్రయాణంలో కాళ్ల దగ్గర, ఏసీ గాలి తగిలే చోట, తడి తువ్వాలులో చుట్టి పెడితే సరిపోతుంది.